తరుగు

యార్డు రెండో గేటు ఎదుట టీకొట్టులో
టీవీ తెర మీద కూడా మిరపధూళి సన్నగా పేరుకుంటుంది.
ఏ దేశపు మైదానమైనా
మాకు కాస్త ఎర్రగానే కనబడుతుంది.

హమాలీలు, గుమాస్తాలు,
నలభై టిక్కీలు దించుకుని
రేటు తెగక నిన్నట్నుంచీ కూర్చున్న నకరికల్లు పెద్దాయన,
అందరం మెడలెత్తి ఉన్నాం.
మనవాళ్ళు బంతి వేస్తున్నారు.
అవతలిది ఈమధ్యే పెద్దాటలోకి వచ్చిన చిన్నదేశం.
అది పటంలో ఎక్కడుందో కొట్టతనికీ తెలీదు, నాకూ తెలీదు.

అంచు తాకి బంతి వాలింది.
మనవాడు ముందుకు దూకి, పొర్లి, చెయ్యెత్తాడు.
పదకొండుమందీ ఒక్క గొంతుతో అరిచారు.
తరవాత నెమ్మదిగా చూపించారు:
వేళ్ళు చేరకముందే
బంతి కింద నాలుగు గడ్డిపోచలు
వంగి, లేచాయి.

కొట్టంతా నిశ్శబ్దం.
తుమ్ములు కూడా ఆగాయి.
"పోన్లే, ఒకప్పుడు మనకీ చేశారుగా వాళ్ళు"
అన్నాడు హమాలీ ఏసోబు.
ఏ వాళ్ళు?
ఆ బ్యాటు పట్టుకున్న కుర్రాడు అప్పటికి పుట్టనే లేదు.

పైనున్న అంపైరు ఇంకా చూస్తున్నాడు.
ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ.
పట్టినవాడి వేళ్ళకి తెలిసిన సంగతిని
పన్నెండు కెమెరాలు వెతుకుతున్నాయి.

ఇరవయ్యారేళ్ళుగా నాది కాటా పని.
ఆదివారాలు మాత్రం తెల్లచొక్కా తొడుక్కుని
నల్లపాడు రోడ్డు ఖాళీ స్థలంలో అంపైరునయ్యేవాణ్ణి.
ఓసారి ఫైనలు. గెలిచిన జట్టుకి ప్రెషరు కుక్కరు.
సంగడిగుంట కుర్రాళ్ళ కీపరు బాజీ
కాళ్ళ దగ్గర బంతి అందుకున్నాడు.
నేను వేలెత్తాను.
వాడు గ్లౌజు విప్పుకుంటూ నా దాకా నడిచొచ్చి
"పడింది సారూ, ముందు నేల మీద పడింది" అన్నాడు.
అంతే.
తరవాతి బంతి రోడ్డవతల కిళ్ళీకొట్టు రేకుల మీద పడింది.

జట్టు మూడు బండ్ల మీద వెళ్ళిపోయింది.
వాడు కిట్టుసంచి భుజానేసుకుని నడిచాడు.
నేనూ పలకరించలేదు.
అందరిముందూ ఎత్తిన వేలు దించాల్సొచ్చిందని
నాకు వాడి మీద కోపం.

మర్నాడు సోమవారం.
షావుకారు కళ్ళతో సైగ చేస్తే
కాటా పళ్ళెం అంచున బొటనవేలు ఆనించడం
నాకు వెన్నతో పెట్టిన విద్య.
ఆ రోజు వేలు బరువెక్కింది.
మానేశానని చెప్పను.
తగ్గింది.

ఇన్నేళ్ళలో నేను చూసిందొకటే:
నాలుగు బస్తాలవాడు ఒక్క కాయ ఎక్కువ అడగడు.
మూడు గోడౌన్లున్నవాడికే
కిలో మీద ఇంకో కిలో తరుగు కావాలి.
తేమ అంటాడు, తాలు అంటాడు,
యార్డు ఆచారం అంటాడు.
మనం ఓడే రోజుల్లో
రేడియో చెవికి ఆనించుకుని అన్యాయమని ఏడ్చినవాళ్ళమే.
ఇప్పుడు గోడౌన్లు మనవి.
ఇప్పుడు అదే పనిని తెలివంటున్నాం.

గంట మోగింది. పెద్దాయన రేటు తెగింది.
"సరిగ్గా చూడు నాయనా" అన్నాడు,
నా మొహం చూడకుండా, కండువా దులుపుకుంటూ.
లేచాను.
రోడ్డు దాటుతుంటే వెనక కొట్టులో ఒక్కసారిగా అరుపు.
ఔటిచ్చారో, లేదో.
అరుపుని బట్టి ఏ సంగతీ చెప్పలేం.

మొదటి టిక్కీ ఎక్కించారు.
ఎర్ర అంకెలు కాసేపు వణికాయి.
షావుకారు గొంతు సవరించుకున్నాడు.
చేతులు రెండూ వెనక్కి కట్టుకుని,
అవి నిలబడేదాకా నిలబడి,
నలభై రెండు కిలోల మూడొందలు,
గేటు దాకా వినబడేట్టు చదివాను.